సింహం మీద పిల్లవాడు, వెండి మీద ముద్ర

చిరంజీవి తమ్ముడికి,

శాతవాహనుల మీద నువ్వు పంపిన తొలి అధ్యాయం చదివాను. భాష బాగుంది. కానీ సింహం మీద తిరిగిన బాలుడే ఈ వంశానికి మూలపురుషుడని చరిత్రలా రాసేశావు. అక్కడే ఆగిపోయాను.

ఆ కథ నాకూ ఇష్టమే. పిల్లలు లేని దీపకర్ణి మహారాజుకు శివుడు కలలో కనిపించడం, అడవిలో సింహాన్నెక్కిన పసివాడు ఎదురవడం, బాణం తగలగానే ఆ సింహం సాతుడనే యక్షుడిగా మారడం... వీటిని తీసెయ్యమనను. అయితే అది 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోది. అప్పటికి శాతవాహనుల రాజ్యం పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఆ సంగతి ముందే చెప్పి, తర్వాత కథను మనసారా చెప్పు. అన్నేళ్ల తర్వాత, అంత దూరాన వాళ్ల పేరు కథగా బతికి ఉండటం చిన్న విషయమా?

నాణేలను మాత్రం ఒక్క పేరాలో ముగించావు. నీ పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి పశ్చిమాన ఏలిన క్షహరాత వంశపు రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు, ఒకవైపు చైత్యం గుర్తు (కమానులు పేర్చిన కొండ బొమ్మ), రెండోవైపు ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల్లో వృత్తాలున్న శిలువ ఆకారం). కొన్నిటి మీద ఆ ముద్ర కింద నహపాణుడి ముఖం ఇంకా కనిపిస్తుంది. నాసిక్ గుహ శాసనంలో తల్లి గౌతమీ బాలశ్రీ తన కొడుకు క్షహరాత వంశాన్ని నిశ్శేషం చేశాడంటుంది. కన్నతల్లి పొగడ్తే కదా అనుకునేవాళ్లకు ఈ వెండి సాక్ష్యం చెబుతుంది. ఓడినవాడి డబ్బును కరిగించకుండానే గెలిచినవాడు తనదిగా చేసుకున్నాడు. నువ్వు నాలుగు పేజీలు రాసిన కత్తుల మోతలో ఇంత బలం లేదు.

మామూలు జనం చేతుల్లో ఎక్కువగా తిరిగినవి సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహపు నాణేలు. తూర్పు తీరంలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేశారు. సముద్ర వ్యాపారం గురించి నువ్వు రాయాల్సింది ఆ ఓడ దగ్గర మొదలవ్వాలి.

ఇక జగిత్యాల జిల్లా కోటిలింగాల. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ‘సిరి చిముక’ పేరుతో నాణేలు దొరికాయి. పురాణాలు ఈ వంశానికి తొలి రాజని చెప్పే శిముకుడు ఇతడేనని చాలామంది పండితులంటారు. నీ మొదటి పేజీకి తగినవాడు ఇతనే. ఒకసారి ఆ ఊరు వెళ్లి చూడు, హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ మ్యూజియంలో ఉన్న శాతవాహన నాణేలు కూడా చూడు. తర్వాత ఆ అధ్యాయం తిరగరాసి పంపు. టెన్షన్ పడకు, తొందరేమీ లేదు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య