నేస్తం మీద నివాళి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన నివాళి చదివాను. రెండు పేజీల్లో 'మంచివాడు' నాలుగుసార్లు, 'నేను' ముప్పై ఒక్కసార్లు! దుఃఖంలో అలాగే వస్తుంది, తప్పు పట్టను. కానీ మనిషి కనపడలేదు. 'స్నేహశీలి, మృదుస్వభావి, తీరని లోటు' ఎవరి పేరుకైనా అతుకుతాయి. కొట్టెయ్.

వ్యాసం పక్కన పెట్టి నోటుబుక్కు తియ్యి. అతని ఊతపదం, ఫోనెత్తగానే అనే మొదటి మాట, అప్పు అడగాల్సొస్తే సంగతి ఎక్కణ్ణించి ఎత్తుకునేవాడు... తోచిన వరసలో రాసుకో. మాటతీరు తొందరగా మరుపున పడుతుంది, దాన్ని ఈ వారమే పట్టుకో. తేదీలు తర్వాతైనా దొరుకుతాయి. ఇరవై రాస్తే మూడు పనికొస్తాయి.

'పొదుపరి' అన్నావు. అది నీ తీర్పు. 'బస్సు టికెట్టు వెనక పద్దు రాసి జేబులో పెట్టుకునేవాడు, చొక్కా నానబెట్టేముందు వాళ్లమ్మ జేబులు తడిమేది' లాంటిదొకటి దొరికితే పొదుపన్న మాటే అక్కర్లేదు, ఆ ఇల్లు కూడా కనిపిస్తుంది.

'వాడు' అంటావో 'అతను' అంటావో మొదట్లోనే తేల్చుకో. మధ్యలో మారిస్తే ఇద్దరి గురించి రాసినట్టుంటుంది. ఇన్నేళ్లూ 'ఒరేయ్' అన్నవాణ్ని ఇప్పుడు 'గారు' చెయ్యకు.

మొండితనమో, కోపమో ఒకటి ఉండనీ. లేకపోతే పటానికి దండ వేసినట్టే. జబ్బు, అప్పులు, తాగుడు మాత్రం ఇంటివాళ్ల సొంత విషయాలు. అచ్చుకిచ్చేముందు వాళ్లలో ఒకరికి చదివి వినిపించు, ఇంటిపేరూ పుట్టిన సంవత్సరమూ అక్కడే సరిచూసుకో. ఇంటిపేరు తప్పు పడితే వాళ్లకి మిగతా ఒక్క ముక్కా గుర్తుండదు.

పదకొండో రోజుకి అందించాలని హైరానా పడకు. సంతాపసభకి మూడు నిమిషాలు, ఒక్క సంఘటన చాలు. అసలు రచన ఎన్నాళ్లయినా ఆగుతుంది. శ్రీశ్రీ నేస్తం కొంపెల్ల జనార్దనరావు 1937లో పోయారు, శ్రీశ్రీ ఆయనకి అంకితమిచ్చిన 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. ఆ అంకిత కవితలో శ్రీశ్రీ నేరుగా నేస్తంతోనే మాట్లాడతాడు. నువ్వూ అలా మొదలుపెట్టావు గానీ వచనంలో అదో చిక్కు: అతనికి తెలుసు కదా అని సగం సంగతులు వదిలేస్తాం, చదివేవాడు బయటే నిలబడిపోతాడు. 'అతను' అనే రాయి.

'ఎక్కడున్నా నీ ఆత్మ...' అన్న చివరి పేరా తీసెయ్. దాని పైన, క్యారంబోర్డు మీద పౌడరు ఎక్కువ చల్లాడని ఇద్దరూ తిట్టుకున్న వాక్యముంది. అక్కడ ఆపు. రెండో ప్రతి టైపు చేసి పంపు, నీ చేతిరాత చదవడం నా కళ్ల వల్ల కావట్లేదు.