ముహూర్తానికి ముందే చూసుకోవలసిన కాగితాలు

చిరంజీవి అమ్మాయికి,

చిన్నాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. నీ రెండో పెళ్లికి మాఘంలో ముహూర్తం ఖాయమైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అబ్బాయి నెమ్మదస్తుడనీ, ఆయన మొదటి భార్య కొడుకులిద్దరూ నీ కూతుర్ని, మన పాపను, అప్పుడే చెల్లీ అని పిలుస్తున్నారనీ విన్నాను. అవన్నీ చెప్పుకుని మురిసిపోవడానికి మన ఇంట్లో కావలసినంత మంది ఉన్నారు. నేను మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికిన మనిషిని. నాకు తెలిసింది నేను చెబుతాను. చదివాక అల్లుడిగారికి కూడా చూపించు. ఆయనకు తెలియకుండా చేయవలసిన పని ఇందులో ఒక్కటీ లేదు.

ముందు ఒక లెక్క చూడు. పెళ్లయ్యాక అల్లుడిగారు తన పేర ఒక ఫ్లాటు కొన్నారనుకో. వీలునామా రాయకుండా ఆయనకు ఏదైనా అయితే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఫ్లాటు ఆయన తల్లికి, నీకు, ఇద్దరు కొడుకులకు నాలుగు సమాన వాటాలుగా వెళుతుంది. పాపకు ఏమీ రాదు. ఆయన పాపను పదేళ్లు పెంచినా, ఫీజులన్నీ కట్టినా, రేషన్ కార్డులో పేరు ఎక్కించినా సరే, పాప ఆయనకు వారసురాలు కాదు. ఇప్పుడు అదే ఫ్లాటు నీ పేర ఉండి, నువ్వు ముందు పోయావనుకో (అశుభమని మీ అమ్మ కోప్పడుతుంది, పడనీ). సగం పాపకు, సగం ఆయనకు. ఆయన తర్వాత ఆ సగం ఆయన కొడుకులదే, అందులో పాపకు మళ్లీ చిల్లిగవ్వ రాదు. అదే ఇల్లు, అవే ప్రాణాలు. ఇల్లు ఎవరి పేర ఉంది, ఎవరు ముందు పోయారు అన్నదాన్ని బట్టి పిల్లల వాటాలు తారుమారు అవుతాయి. ఇద్దరి పేర్లా కొంటే గొడవ ఉండదంటారు చాలామంది. అప్పుడు ఎవరి సగానికి వాళ్ల లెక్క ఇలాగే నడుస్తుంది, అంతే తేడా.

అందుకే మీరిద్దరూ విడివిడిగా వీలునామాలు రాయాలి. ఆయన ఒక్కరే రాస్తే చాలదు.

నీ సంగతి ముందు చూద్దాం. పాప వాళ్ల నాన్న వీలునామా రాయకుండానే పోయారు కాబట్టి, ఆయన స్వార్జితంలో, అంటే సొంతంగా సంపాదించిన పొలం వగైరాల్లో, మీ అత్తగారికి, నీకు, పాపకు మూడు సమాన వాటాలు. మళ్లీ పెళ్లి చేసుకుంటున్నావు కాబట్టి నీ వాటా పోయిందని అటువైపు ఎవరో అన్నారట. అది పాతకాలపు మాట. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టంలో అలాంటి నిబంధన ఉండేది, ఆ చట్టాన్ని 1983లోనే ఎత్తివేశారు. భర్త నుంచి ఒకసారి సంక్రమించిన ఆస్తి మళ్లీ పెళ్లి చేసుకుంటే పోదని సుప్రీంకోర్టు 2008లో కూడా చెప్పింది. వాళ్లతో తగవు పడకు, మర్యాదగానే చెప్పు, కానీ పెళ్లికి ముందే పట్టాదారు పాసు పుస్తకంలో నీ పేరూ పాప పేరూ ఎక్కించుకో.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. ఆ పొలంలో నీ వాటా విషయమై నువ్వు ఏమీ రాయకపోతే, నీ తర్వాత అందులో సగం పాపకు, సగం అల్లుడిగారికి వెళుతుంది. మొదటి భర్త పొలంలో రెండో భర్తకు భాగం! ఆయన అడగకపోయినా చట్టం ఇచ్చేస్తుంది. కాబట్టి ఆ పొలం, ఆ బీమా డబ్బు, మీ నాన్న నీకిచ్చిన స్థలం పూర్తిగా పాపకే చెందాలని రాసిపెట్టు. అల్లుడిగారు దీనికి నొచ్చుకుంటారని నేననుకోను. ఆయనే నీకంటే ముందు ఈ మాట అంటే ఇంకా సంతోషిస్తాను.

పాప వాటా పాపదే. కొత్త ఫ్లాటుకు డబ్బు తక్కువ పడిందని దాన్ని ముట్టుకోవద్దు. మైనరు స్థిరాస్తి అమ్మాలంటే తల్లికైనా జిల్లా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మితే పాప పెద్దదయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోగలదు. డిపాజిట్లయితే ఎవరూ అడ్డుచెప్పరు కాబట్టి అక్కడే చేయి జారుతుంది. పాప పేర వేరే ఖాతా పెట్టి, అందులోకి వెళ్లేదే తప్ప వచ్చేది లేకుండా చూడు.

ఇంకొకటి. సవతి తండ్రి గానీ, సవతి తల్లి గానీ చట్టం దృష్టిలో మైనరుకు సహజ సంరక్షకులు కారు. సంరక్షకత్వ చట్టంలో ఈ మాట విడిగా రాసి ఉంది. నీకేదైనా అయితే పాపను, ఆయనకేదైనా అయితే ఆ చిన్నవాణ్ణి ఎవరు చూడాలో పేరు పెట్టి వీలునామాల్లో రాయండి. మనిషిని చూసుకునేవారు, డబ్బు చూసేవారు ఒక్కరే కానక్కర్లేదు. నా అనుభవంలో వేరైతేనే మంచిది.

ఇక ఆ కొడుకుల పోయిన అమ్మ నగలు. లాకరులో ఆమె కాసుల పేరు, వడ్డాణం, రెండు జతల గాజులు ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. వాటిలో కొడుకులిద్దరికీ తండ్రితో సమానంగా హక్కుంది. పెళ్లినాడు మీ కొత్త అత్తగారు ప్రేమతో ఆ కాసుల పేరు తీసి నీ మెడలో వేయబోతారు చూడు, దండం పెట్టి వద్దని చెప్పు. ఆ పెద్దవాడు ఇంటర్ చదువుతున్నాడు, వాడి కళ్లు ఆ కాసుల మీదే ఉంటాయి. పెళ్లికి ముందే ఒకరోజు నగలన్నీ కంసాలి దగ్గర తూకం వేయించి, ఒక్కో నగకు బరువు రాసి, ఫొటోలు తీయించి, కింద అల్లుడిగారు సంతకం చేసి, ఇవి పిల్లలిద్దరివీ అని ఒక కాగితం లాకరులోనే పెట్టమను. గంట పని. ఈ గంట పని చేయని ఇంట్లో పెద్దకర్మ నాడే బీరువా దగ్గర మాటలు పెరగడం నేను చూశాను. తలుపు మీద తెల్లకాగితం అతికించి, రెండు వైపుల వాళ్లూ దాని మీద సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. కోర్టు అమీను సమక్షంలో తెరిచేసరికి లోపల ఉన్నవి నాలుగు పట్టుచీరలు, ఒక కాలం చెల్లిన బీమా బాండు. అప్పటికే అన్నదమ్ములకు మాటలు లేవు.

అసలు చిక్కు ఇల్లు. ఆయన ఇప్పుడు ఉంటున్న డాబా గురించి ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: "నా తర్వాత నా భార్య జీవితాంతం అనుభవించాలి, ఆమె తర్వాత నా కొడుకులకు చెందాలి" అని రాయమంటారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. నేనూ ఇలాంటివి ఎన్నో రాసిచ్చాను, వచ్చినవాళ్లు అదే అడిగేవారు. కానీ వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ అని ఒకటుంది. స్త్రీకి భరణం హక్కు కింద దఖలు పడిన ఆస్తి మీద షరతులు చెల్లవు, అది ఆమెకు సర్వహక్కులతో సొంతమవుతుంది అంటుంది మొదటి భాగం. వీలునామాతో కొత్తగా ఇచ్చిన పరిమిత హక్కు పరిమితంగానే ఉంటుంది అంటుంది రెండో భాగం. 1977లో మన నెల్లూరు వైపు నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు మొదటి భాగానికే పెద్దపీట వేసింది.

తర్వాత మన రాష్ట్రం నుంచే ఇంకొకటి వెళ్లింది. ఒకాయనకు ముగ్గురు భార్యలు. పిల్లలు రెండో భార్యకే. 1920లో ఆయన మూడో భార్యకు జీవితకాల అనుభవం, తర్వాత రెండో భార్య కొడుక్కి అని వీలునామా రాశాడు. మూడో ఆవిడ ఆ ఆస్తిని 1971లో వేరే వాళ్లకు వీలునామా రాసేసి, 1976లో పోయింది. 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఏమని వచ్చింది? ఆవిడకు అది పూర్తి హక్కుగా మారిపోయింది, ఆవిడ రాసిందే చెల్లుతుందని. తండ్రి తన చేత్తో రాసిన మాట కొడుక్కి అక్కరకు రాలేదు. అయితే 2022లో ఉత్తరాది కేసు ఒకదాంట్లో అదే కోర్టు దీనికి ఎదురుగా, జీవితకాల హక్కు జీవితకాలం వరకేనని, మొదటి భార్య కొడుకునే గెలిపించింది. ఈ రెండు దారుల్లో ఏది సరైనదో పెద్ద ధర్మాసనం తేల్చాలని 2024 డిసెంబరులో సిఫారసు చేశారు. ఇంత అనుమానం ఉన్న వాక్యం మీద మీ ఇల్లు నిలబెట్టవద్దు.

నేను చెప్పేది ఇది: ఒకే ఆస్తిలో నిన్నూ ఆ పిల్లలనూ ఒకరి తర్వాత ఒకరుగా ఇరికించకుండా, వేటికవి పూర్తి హక్కులతో విడదీయండి. డాబా కొడుకులకు. కొనబోయే చిన్న ఫ్లాటు, ఒక డిపాజిట్టు నీకు. నీకు వచ్చేది విలువలో తక్కువైనా ఫరవాలేదు, అది నీ సొంతం, నీ తర్వాత పాపకు నిశ్చింతగా ఇవ్వగలవు. ఒక్క ఇల్లే ఉందీ, విడదీసే వీలు లేదూ అంటే, నీ పోషణకు డిపాజిట్టు వేరుగా ఏర్పాటు చేశానని, ఇంట్లో నివాసం భరణానికి బదులు కాదని వీలునామాలో స్పష్టంగా రాయించాలి. ఆ పేరా మటుకు నాలాంటి దస్తావేజు లేఖరి చేత రాయించకండి, సివిల్ కేసులు వాదించిన మంచి వకీలు చేత రాయించండి. వాళ్ల తాతగారి నుంచి వచ్చిన పొలం జోలికి వెళ్లకండి. అందులో కొడుకులకు పుట్టుకతోనే వాటా ఉండవచ్చు.

నామినీల విషయం తొందరగా చెబుతాను. బ్యాంకులో నామినీ అంటే పెళ్లి పందిట్లో చదివింపుల పుస్తకం దగ్గర కూర్చున్న మనిషి. డబ్బు తీసుకుంటాడు, అది ఆయనది కాదు. సుప్రీంకోర్టు 1984లో బీమా విషయంలో, 2023లో షేర్ల విషయంలో ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణతో భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వాళ్లదేనన్నారు, దాని మీదా కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. కాబట్టి నామినీ పేరూ వీలునామాలో పేరూ ఒకటే ఉండేలా చూసుకోండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను శాతాలతో సహా రాయవచ్చు, మీ ఇంటికి అది బాగా పనికొస్తుంది. అల్లుడిగారి పాత పాలసీల్లో ఇంకా పోయిన ఆమె పేరే ఉండి ఉంటుంది, అది ముందు మార్పించు. కొత్త పాలసీ తీసుకుంటే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద కొడుకుల పేర తీసుకోమను. ఆ సొమ్ము ఆయన ఆస్తిలో కలవదు, అప్పులవాళ్లూ సాధారణంగా దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.

పాపను ఆయన దత్తత తీసుకుంటే సరిపోతుంది కదా అని మీ అమ్మ అడిగింది. మంచి ఆలోచనే, కానీ తొందరపడవద్దు. దత్తత వెళితే పాపకు ఇప్పటికే వచ్చిన ఆస్తి పోదు గానీ, పుట్టిన ఇంటితో సంబంధం తెగుతుంది. వాళ్ల నాన్న తండ్రి ఇంకా ఉన్నారు, ఆయన పేర మాగాణి ఉంది. పోయిన కొడుకు కూతురిగా ఆ తాతగారి ఆస్తిలో పాపకు రావలసిన వాటా దత్తతతో పోతుంది. అల్లుడిగారు పాపకు ఏదైనా ఇవ్వాలనుకుంటే వీలునామాలో పేరు పెట్టి ఇస్తే చాలు. "నా పిల్లలకు" అని మాత్రం రాయకూడదు. ఆ మాటలో పాప రాదు. ముగ్గురి పేర్లూ, ఎవరికి ఏదీ, విడివిడిగా రాయాలి.

ఆయన ఇదివరకే వీలునామా ఏదైనా రాసి ఉన్నారేమో అడుగు. క్రైస్తవులకు పెళ్లితో పాత వీలునామా రద్దవుతుంది, హిందువులకు కాదు. కొత్తదాంట్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న వాక్యం ఉండాలి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లకు అందులో వాటా ఉండకూడదు, మీకంటే వయసులో చిన్నవాళ్లైతే మేలు. రేపు కోర్టులో నిలబడి చెప్పవలసింది వాళ్లే. నన్ను సాక్షిగా పిలవద్దు, నా వయసు తెలిసే చెబుతున్నాను. ఆయన సంతకం పెట్టే రోజు నువ్వు వెంట వెళ్లకు. లబ్ధి పొందేవాళ్లు దగ్గరుండి రాయించారంటే కోర్టు ఆ వీలునామాను అనుమానంగానే చూస్తుంది, రెండో భార్య అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ రోజే డాక్టరు దగ్గర ఆరోగ్యంగా ఉన్నట్టు కాగితం ఒకటి తీసుకోమను.

రాశాక ఆ పెద్దవాణ్ణి కూర్చోబెట్టి ఏది ఎవరికో ఆయన నోటితో ఆయనే చెప్పాలి. నువ్వు పక్క గదిలో ఉండు.

అసలు ప్రతులు ఇంట్లో బీరువాలో వద్దు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేసే వీలుంది, ఫీజు కూడా పెద్దగా ఉండదు. రసీదు నకళ్లు రెండు తీసి ఒకటి మీ అన్నయ్యకు, ఒకటి ఆ కొడుకుల మేనమామకు ఇవ్వండి. మీరిద్దరూ వచ్చేటప్పుడు డాబా దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాసు పుస్తకాలు, రెండు మరణ ధ్రువపత్రాలు పట్టుకురండి. ఈసీ మాత్రం కొత్తది తీయించి తేవాలి, పాతది పనికిరాదు.

మీ చిన్నాన్న