డానా 60 యాక్సిల్ వేశాక గంటకు 40 మైళ్ల దగ్గర వణుకు: పినియన్ కోణం చూడండి

ఆ వణుకు టైర్లది కాదండీ, పినియన్ (డ్రైవ్ షాఫ్ట్ నుంచి తిప్పుడు అందుకునే యాక్సిల్ గేరు) కోణానిది. జీప్ రాంగ్లర్ వైజేకి ఫోర్డ్ ఎఫ్-350 ట్రక్కు వెనక యాక్సిల్ వేశాక మొదలైందని, యూ-జాయింట్లు (షాఫ్ట్ చివర్లలోని కీళ్లు) మార్చినా తగ్గలేదని రాశారు. పినియన్ నేలకు సమాంతరంగా ఉందనీ మీరే అన్నారు. మామూలు షాఫ్ట్‌కైతే పినియన్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే గేరు పెట్టె) అవుట్‌పుట్‌కు సమాంతరంగా ఉండాలి. మీది డబుల్ కార్డన్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జంట కీలు ఉన్నది), దానికి పినియన్ ముక్కు ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి.

చాలామంది తప్పేది ఒక్కచోటే: బండి స్టాండ్ల మీద ఉండగానే స్ప్రింగ్ సీట్లకు (లీఫ్ స్ప్రింగులు యాక్సిల్ మీద కూర్చునే దిమ్మెలకు) ఫుల్ వెల్డింగ్ కొట్టేస్తారు. కిందికి దించగానే స్ప్రింగులు కుంగుతాయి, కొలిచిన కోణం గంగలో కలుస్తుంది.

1. సీట్ల పాత వెల్డింగ్‌ను గ్రైండర్‌తో కోసేయండి. స్ప్రింగును యాక్సిల్‌కు బిగించే యూ-బోల్టులు వదులుగా ఉంచండి.

2. బండి బరువంతా చక్రాల మీద పడనివ్వండి. స్పేర్ టైరు, వించ్, ట్యాంకులో పెట్రోలు, అన్నీ ఉండాలి.

3. యాంగిల్ గేజ్‌తో షాఫ్ట్ వాలు చూసి, పినియన్‌ను అంతకన్నా 1–2 డిగ్రీలు దించి పెట్టండి. యాక్సిలరేటర్ తొక్కితే లీఫ్ స్ప్రింగ్ మెలితిరిగి ముక్కు తనంతట తనే లేస్తుంది.

4. బోల్టులు బిగించి ట్యాక్ (చిన్న చుక్క వెల్డింగ్) మాత్రం వేయండి. బండిని ముందుకీ వెనక్కీ నెట్టి మళ్లీ కొలవండి. ట్యాక్‌ల మీద రోడ్డెక్కొద్దు.

5. ఫుల్ వెల్డింగ్ ఇటు అంగుళం, అటు అంగుళం. ఏకబిగిన లాగితే ట్యూబ్ వంగుతుంది.

అల్యూమినియం షిమ్ములతో (కోణం మార్చడానికి స్ప్రింగ్, సీటు మధ్య పెట్టే వాలు పలకలతో) సరిపెట్టేయమంటారు కొందరు, వినకండి. రాళ్లలో నలిగి జారిపోతాయి.

ముక్కు లేచాక పినియన్ బేరింగుకు ఆయిల్ సరిగా అందదు, మామూలుకన్నా కాస్త ఎక్కువ పోయండి.