‘ఇది సేవ, ఉద్యోగం కాదు’ అంటున్నారు. నా పీఎఫ్ సంగతేంటి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరేళ్లుగా ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. నెలకు రూ.28,000 అని రాస్తారు, టీడీఎస్ పోను 25,200 ఇస్తారు. కాగితాల్లో నేను ‘కన్సల్టెంట్’ని. పీఎఫ్ లేదు. ప్రతి మార్చికీ ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో అని టెన్షన్. అడిగితే ‘ఇది సేవ, ఉద్యోగం కాదు’ అంటారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పోయిన డబ్బు సంగతి చూద్దాం. టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను కింద నెలకు 2,800 చొప్పున ఏడాదికి 33,600 పట్టుకుంటున్నారు. మీకు వేరే ఆదాయం లేకపోతే ఏడాది సంపాదన 3,36,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. రిటర్ను వేస్తే ఆ మొత్తమంతా వెనక్కి వస్తుంది. పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద అది జమైందో లేదో కూడా చూడండి, పట్టుకుని కట్టని వాళ్లూ ఉంటారు. గడువు దాటినా డిసెంబరు 31 లోపు వేయొచ్చు. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండు అడగడం కుదరదు. పాత ఏళ్లకు ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు కానీ అది తిరుగుడు పని.

ఇక ‘కన్సల్టెంట్’ మాట. హాజరు పట్టీలో సంతకం, సెలవుకు అనుమతి, పైఅధికారి చెప్పిన పని ఉంటే, కాగితం మీద ఏ పేరు రాసినా చట్టం ఉద్యోగిగా చూసే అవకాశం ఎక్కువ. 20 మంది, అంతకు పైన ఉన్న సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, సేవా సంస్థ అని మినహాయింపు లేదు. అయితే చేరేటప్పటికే జీతం 15,000 దాటి, అంతకుముందు పీఎఫ్ ఖాతా లేకపోతే తప్పనిసరి కాదని వాళ్లు వాదించగలరు. ఇద్దరూ ఒప్పుకుంటే చేరొచ్చు. 15,000 మీదే కడితే సంస్థకు నెలకు 1,800, పైన కొద్దిగా ఛార్జీలు.

నాకు పీఎఫ్ కన్నా గ్రాట్యుటీయే, అంటే ఉద్యోగం మానేటప్పుడు సంస్థ ఇవ్వాల్సిన మొత్తమే, పెద్ద విషయంగా కనిపిస్తోంది. పది మంది ఉన్నచోట ఐదేళ్లు నిండితే హక్కు వస్తుంది. 28,000 అంతా వేతనంగా లెక్కిస్తే ఆరేళ్లకు దాదాపు 97,000. వరుసగా ఐదేళ్లు నిండలేదని చెప్పడానికి ఏటా ఒకట్రెండు రోజులు విరామం చూపించి కొత్త ఒప్పందం రాయించుకున్నారేమో చూడండి. పాత ఒప్పందాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాజరు ఫొటోలు భద్రంగా దాచుకోండి.

‘విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 20 శాతమే, పీఎఫ్‌కి చోటు లేదు’ అనే జవాబూ మీకు వస్తుంది. నిజమే, 2020లో ఆ పరిమితిని 50 నుంచి 20కి తగ్గించారు. కానీ ఆసుపత్రిలో డాక్టరు, బడిలో టీచరు లాగా సంస్థ లక్ష్యం కోసం నేరుగా పనిచేసేవాళ్ల జీతం అందులోకి రాదని నిబంధనలే చెబుతున్నాయి. ఊళ్లలో తిరిగే మీ పని కూడా అలాంటిదేనని అడగండి. డైరెక్టరుగారిని తప్పుపట్టను, నిధులు ఆలస్యమైతే ఆయన జీతమూ ఆగుతుంది. కానీ సేవ చేసేవాళ్లకూ ముసలితనం వస్తుంది కదా.

మీవైపు నుంచి: వచ్చిన రీఫండుతో ఆరు నెలల ఇంటిఖర్చు పోగుచేయడం మొదలుపెట్టండి. మీరు పన్ను చెల్లింపుదారు కాదు కాబట్టి అటల్ పెన్షన్ యోజనలో చేరొచ్చు. మీ వయసుకు నెలకు 800 పైచిలుకు కడితే 60 తర్వాత నెలకు 5,000 పెన్షన్ వస్తుంది. బీమానీ పొదుపునీ కలిపి అమ్మే ఎండోమెంట్ పాలసీల జోలికి మాత్రం వెళ్లకండి.

పీఎఫ్ మాట జనవరిలో, దాతకు కొత్త ప్రతిపాదన రాసేటప్పుడే ఎత్తండి. మార్చిలో అడిగితే బడ్జెట్ అయిపోయిందంటారు, అప్పటికి అది నిజమే అవుతుంది.