టెక్ సందేహాలు: ప్రాసెసర్ వేగం ఎప్పుడూ ఒకే అంకె ఎందుకు?

ప్రశ్న: ప్రాసెసర్ వేగం కొలవడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రాసెసర్‌లో దానంతట అదే పెరుగుతూ పోయే లెక్కను, అంటే ఆర్‌డీటీఎస్‌సీ ఆదేశంతో చదివే కౌంటర్‌ను, సెకను వ్యవధిలో రెండుసార్లు చదివి తేడా చూస్తే, కంప్యూటర్ ఖాళీగా ఉన్నా, పనిలో ఉన్నా 2.4 గిగాహెర్ట్జ్ అనే వస్తోంది. నెట్‌లో దొరికిన ఉచిత టూల్ మాత్రం అడ్మిన్ అనుమతి అడిగి 3.9 చూపుతోంది. ఏది నిజం?

జవాబు: ఇదే ఫిర్యాదు తరచూ వస్తోంది. 1993లో పెంటియంతో వచ్చినప్పుడు ఈ కౌంటర్ ప్రతి క్లాక్ సైకిల్‌కూ (ప్రాసెసర్ గడియారం ఒక్కో టిక్కుకూ) ఒకటి చొప్పున పెరిగేది. ఇప్పటి చిప్‌లలో అసలు వేగం ఎంత మారినా ఇది స్థిరమైన రేటుతోనే నడుస్తుంది కాబట్టి, మీరు కొలిచింది కాలాన్నే తప్ప వేగాన్ని కాదు. పాత పద్ధతిని ఇంకా పాఠంగా చెబుతున్నవారిని ఏమనాలో తెలియదు.

అసలు వేగం కావాలంటే, ముందు ఫలితం వస్తే తప్ప తర్వాతిది మొదలుకాని కూడికలను గొలుసుగా కోట్లసార్లు నడిపించి, పట్టిన కాలంతో వాటి సంఖ్యను భాగించండి. ఒక్కో కూడికకు ఒక సైకిల్ పడుతుంది. కంపైలర్ లూప్‌ను ఎగరగొట్టకుండా దాన్ని అసెంబ్లీలో రాసి, ప్రోగ్రాంను ప్రాసెసర్‌లోని ఒకే కోర్‌పై నడిచేలా కట్టేయండి. స్థిరసంఖ్యను కాకుండా రిజిస్టర్‌ను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిని) మరో రిజిస్టర్‌కు కలపండి; కొన్ని కొత్త కోర్‌లు చిన్న స్థిరసంఖ్యల కూడికలను ముందే తేల్చేసి, అసాధ్యమైన వేగం చూపిస్తాయి.

నన్ను కలవరపెట్టేది ఆ ఉచిత టూల్. నిజమైన సైకిళ్లను లెక్కించే ప్రత్యేక రిజిస్టర్లను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మాత్రమే చదవగలదు కనుక, అలాంటి టూల్స్ సాధారణంగా కెర్నల్‌లో నడిచే ఒక డ్రైవర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాయి. అడిగిన ప్రతి ప్రోగ్రాంకూ ఆ రిజిస్టర్లలో రాసే అవకాశం ఇచ్చేంత నిర్లక్ష్యంగా ఆ డ్రైవర్‌ను తయారుచేసి ఉంటే, సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ను పని అడిగే పిలుపు) ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామాను మార్చి, మామూలు మాల్వేర్ కూడా కెర్నల్‌లో కూర్చోగలదు. టూల్ తీసేసినా డ్రైవర్ మిగిలిపోవచ్చు. విండోస్ నమ్మే డిజిటల్ సంతకం ఉన్న, ఇలాంటి లోపమున్న పాత డ్రైవర్‌ను దాడిచేసేవారు తామే వెంట తెచ్చుకోవడమూ జరుగుతోంది. ఒక్క అంకె చూపడానికి యంత్రం తాళాలన్నీ అడిగే ఈ తరహా టూల్స్ తయారీదారులకు సిగ్గు లేదనే నా అభిప్రాయం.

దాన్ని తీసేసి, డ్రైవర్ మిగిలిందేమో చూసి, విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసోలేషన్ పేజీలో ప్రమాదకర డ్రైవర్లను అడ్డుకునే డ్రైవర్ బ్లాక్‌లిస్ట్ ఆన్‌లో ఉందో లేదో సరిచూసుకోండి. లినక్స్ అయితే పెర్ఫ్ స్టాట్ అనే కమాండ్ ఈ వేగం లెక్కను తానే చెబుతుంది.