తుంగ షీట్లు నమోదు చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, నీకు అమెరికాలోని అరిజోనా కొండల నుంచి సేకరించిన కారెక్స్ అల్ట్రా షీట్లు (మొక్కను అంటించిన కాగితాలు) అప్పగించారని తెలిసి సంతోషించాను. మన చెరువుగట్ల తుంగ కుటుంబానికే చెందిన ఈ మొక్క, చుట్టూ ఎడారి ఉన్నా, ఏడాది పొడుగునా నీరు ఊరే చెలమల దగ్గరా వాగుల ఒడ్డునా పెరుగుతుంది. దీన్ని కారెక్స్ స్పిస్సా అనే మరో జాతిలో ఒక రకంగా లెక్కించినవారూ ఉన్నారు కనుక రెండు పేర్ల కిందా వెతుకు.

లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టే ఎక్కించి, నీకు తోచిన సవరణను వేరే గడిలో నీ పేరుతో, తేదీతో రాయి. కోచీస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 1881లో, శాంటా క్రూజ్ కౌంటీ 1899లో పీమా కౌంటీ నుంచి విడివడ్డాయి. కాబట్టి ఆ ప్రాంతంలోని వాచూకా కొండల్లో 1880లో కోసిన మొక్కకు పీమా కౌంటీ అని ఉంటే అది తప్పు కాదు. ఎత్తు విషయంలో నేనే ఒకసారి పప్పులో కాలేశాను. లేబుల్ మీద 5,200 అని మాత్రమే ఉంటే మీటర్లనుకుని ఎక్కించాను. ఆ రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన హంఫ్రీస్ శిఖరమే 3,851 మీటర్లు. అవి అడుగులు, అంటే సుమారు 1,585 మీటర్లు.

కొండల పేరు తప్ప మరేమీ లేని షీట్‌కు, పటంలో ఆ కొండల నడుమ చుక్క పెట్టి ఊరుకోకుండా, అనుమానం ఎన్ని కిలోమీటర్ల మేర ఉందో ఆ వ్యాసార్థం కూడా రాయాలి. ఎడారి కొండల్లో చుక్క ఒక్క కిలోమీటరు జరిగినా కాక్టస్‌లున్న ఎండు వాలు మీద పడవచ్చు. అందుకే ప్రతి చుక్క దగ్గరా ఇక్కడ నీళ్లెక్కడివని అడుగు. జవాబు దొరకలేదని మాత్రం చుక్కను దగ్గర్లోని ఊటకు జరపవద్దు. వందేళ్ల కిందట అక్కడే పారిన ఊట తర్వాత ఎండిపోయి ఉండవచ్చు, ఆ సంగతికి సాక్ష్యంగా మిగిలింది ఈ షీట్ ఒక్కటే కావచ్చు.

కారెక్స్‌ను ఆకులు చూసి గుర్తుపట్టడం కష్టం. కాయను కప్పి ఉండే పెరిగైనియం అనే చిన్న సంచి ముదిరి ఉంటేనే పేరును నమ్ము. షీట్ మూలన కాగితపు పొట్లం ఉంటే, రాలిన సంచులు అందులో ఉంటాయి. ఫ్యాన్ ఆపి, తెల్లకాగితం పరిచి విప్పు; గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతాయి.

ఒకే సేకరణ నంబరుతో నకళ్లు వేరే హెర్బేరియాలకూ వెళ్లి ఉంటాయి కాబట్టి, ఎన్నిచోట్ల దొరికిందో లెక్కకట్టే ముందు సేకర్త పేరు, నంబరు, తేదీ పోల్చి చూడు. మొక్క పేరును నిర్ధారించే కొత్త చీటీ అంటించేటప్పుడు పాతది తీయవద్దు. దాని పక్కనే అంటించు.