సందేహాలు – సమాధానాలు: పరీక్షా, ప్రయోగమా?

సందేహం: మా అమ్మాయి జీవశాస్త్రం నోటుపుస్తకంలో "ఆకులో పిండిపదార్థం తయారు కావడానికి వెలుతురు కావాలా అని పరీక్ష చేశాం" అని రాసింది. టీచరుగారు 'పరీక్ష' కొట్టేసి 'ప్రయోగం' అని దిద్దారు. ప్రయోగం అంటే వాడుక కదా, మీరే కవిప్రయోగం అంటుంటారు. ఏది సరి? అదే పాఠంలో 'నియంత్రణ' అని ఉంది. దేన్ని నియంత్రించారో మా ఇద్దరికీ అంతుపట్టలేదు. (ఒక పాఠకురాలు)

సమాధానం: టీచరుగారి దిద్దుబాటు తప్పు కాదు. అమ్మాయి రాసిందీ అంత తప్పు కాదేమో.

ప్రయోగం సంగతి ముందు తేల్చేద్దాం. యుజ్ ధాతువుకు కలపడం, కాడికి కట్టడం అని అర్థం. ప్ర చేరితే పనిలో పెట్టడం. మాటను పెడితే కవిప్రయోగం, బాణాన్ని పెడితే అస్త్రప్రయోగం, మొక్కను పెడితే మీ అమ్మాయి చేసింది. అంతే.

నా మనసంతా పరీక్ష మీదే ఉంది. పరి + ఈక్ష, అంటే చుట్టూ తిరిగి చూడటం. వీక్షణం, నిరీక్షణ, సమీక్ష మీకు తెలిసినవే. ఉపేక్ష కూడా ఆ ఇంటిదే సుమా! దగ్గరే ఉండి, చూస్తూ ఊరుకోవడం. ప్రయోగంలో అనుకున్న రంగు రాని ఆకును బుట్టలో పారేసి, పక్కవాళ్ల ఫలితం ఎక్కించుకోవడం అచ్చంగా అదే. ఒకదాన్ని చూసి మరొకటి కాబోలు అని కవి ఊహించే అలంకారం ఉత్ప్రేక్ష, అందులోనూ ఈక్ష ఉంది. ప్రయోగానికి ముందు వేసుకునే ఊహను, పాఠాల్లో పరికల్పన అంటున్నదాన్ని, ఉత్ప్రేక్ష అంటే పోదా అని ఒకప్పుడు ముచ్చటపడ్డాను. రెండింట్లోనూ 'కాబోలు' ఉంటుంది కదా! అయితే కవి తన ఊహ నిజం కాదని తెలిసే ఊహిస్తాడు, విద్యార్థి తెలియక ఊహిస్తాడు. మానుకున్నాను.

ఇక అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తు. ఆ పేరుకు రెండు కథలున్నాయి. వంశం పరిక్షీణమైపోతున్న వేళ పుట్టాడు కనుక పరిక్షిత్తు అని సంస్కృత భారతం అశ్వమేధపర్వం. అక్కడ 'రి'కి దీర్ఘం లేదు, ఈక్షా లేదు. భాగవతం ప్రథమస్కంధం దారి వేరు. అశ్వత్థామ అస్త్రానికి గర్భంలో కాలిపోతున్న శిశువుకు బొటనవేలంత పురుషుడు కనిపించి కాపాడాడు. పుట్టాక ఆ శిశువు ఎదురైన ప్రతి మనిషిలోనూ 'ఆనాడు చూసినవాడు ఇతడేనా' అని వెతికాడు. అందుకని పరీక్షిత్తు. వ్యాకరణం ఏమన్నా అననీ, నాకీ కథే ఇష్టం. ముందు చూసిన ఒక రూపం మనసులో ఉంది కాబట్టే ప్రతి ముఖాన్నీ దానితో సరిపోల్చగలిగాడు. అది లేకపోతే ఊరికే ముఖాలు చూస్తూ తిరిగేవాడు. అదే కథలో అశ్వత్థామది ప్రయోగం, శిశువుది పరీక్ష. చూశారా!

తెలుగు ఈ రెంటినీ ఏనాడో ఒక్క క్రియలో ముడివేసింది: చేసి చూడు. అడిగి చూడు, తిని చూడు, వేసి చూడు. చేయడం ప్రయోగం, చూడటం పరీక్ష.

ఇప్పుడు అమ్మాయి ఆకు దగ్గరికి వద్దాం. మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచారు, ఆకులో ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోవడానికి. ఆకులో కొంత భాగాన్ని నల్లకాగితంతో మూసి, కొన్ని గంటలు ఎండలో పెట్టారు. తర్వాత ఆకును నీళ్లలో ఉడికించి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టిన ఆల్కహాల్‌లో ఉంచితే పచ్చదనం దిగిపోయి పాలిపోయింది. దానిమీద పిండిపదార్థాన్ని పట్టిచ్చే అయోడిన్ వేస్తే ఎండ తగిలిన చోటు నీలినలుపుకు తిరిగింది, కాగితం కిందిది అయోడిన్ గోధుమరంగులోనే ఉండిపోయింది. ఇందులో కాగితం మూయడం ప్రయోగం, అయోడిన్ చుక్క పరీక్ష. మొత్తానికి పేరు పెట్టాలంటే ప్రయోగమే నయం. కాగితం మూయకుండా ఊరికే చూసి రాసుకుంటే అది పరిశీలన.

మూయని భాగాన్నే పాఠం 'నియంత్రణ' అంటోంది. దాన్నెవరూ అదుపు చేయలేదు, ఎండలో హాయిగా ఉంది! ఇంగ్లీషువారి కంట్రోల్ అనే మాట మొదట లెక్కలు సరిచూసుకోవడానికి ఉంచుకునే జత చిట్టా. అదుపు అనే అర్థం తర్వాత వచ్చింది. మనవాళ్లు ఆ తర్వాతిదాన్ని పట్టుకుని అనువదించారు. రెండు కుండీలతో చేసేటప్పుడు నీరు, వేడి, మొక్క వయసు తేడా రాకుండా చూడటం మాత్రం నిజంగా నియంత్రణే. సరిపోల్చడానికి ఉంచుకున్నదాన్ని 'పోలిక' అంటే చాలదా? పోలిక భాగం, పోలిక కుండీ. పరీక్షిత్తు మనసులో ఉన్నదీ అదే.

అన్నట్టు, ఈ పాఠాల్లో "ఆకును నల్లకాగితంతో కప్పబడింది" అనే వాక్యం తరచు కనిపిస్తుంది. 'ఆకును' అన్నాక 'కప్పారు' అనాలి, 'కప్పబడింది' ఎట్లా వస్తుంది? అమ్మాయి "చేశాం" అని రాసింది. అది మాత్రం దిద్దనివ్వకండి. ప్రయోగం, నియంత్రణ అన్న మాటలంటారా, పరీక్షలో పుస్తకం మాటే రాయమనండి. మార్కులిచ్చేది నేను కాదు కదా.